రెండో గేరు నిలువని బండి

మా చిన్న ట్రాక్టరు మీద మా ఊర్ల ప్రతి మగపురుగుకు ఒక అభిప్రాయం ఉన్నది. నడిపినోళ్ళు తక్కువ, చెప్పెటోళ్ళు ఎక్కువ. దాని రెండో గేరు ఎగురుడు మొదలువెట్టిన కాడి నుంచి ఎల్లారెడ్డి చాయ్ హోటల్ల కూసున్నోళ్ళందరికి పని దొరికింది. ఒకడు దిష్టి తగిలింది, నిమ్మకాయలు కట్టుమన్నడు. ఒకడు గేరు నూనెల గ్రీజు కలిపితే చప్పుడు పోతదన్నడు. ఇంకొకడు, జిందగీల సైకిల్‌కు గాలి గూడ సొంతంగ కొట్టుకోలేదు వాడు, "ఆడోళ్ళు నడిపితే గేర్‌బాక్సులు ఆగుతయా?" అని తీర్పు చెప్పిండు. నేను పక్కనే నిలవడి బిస్కట్ పుడ కొంటున్న. నన్ను చూసి గూడ మాట మార్చలే. సిగ్గుంటే గదా మారుస్తందుకు.

గేరు ఎగురుడంటే తెల్వనోళ్ళకు చెప్త. బండి బురదల బరువు గుంజుతుంటది. అప్పుడు గేరు కట్టె దానంతట అదే టక్కుమని నడుమకు వచ్చి పడతది. ఇంజను అరుస్తది, బండి కదలదు. లోపల గేరు చక్రాల పండ్లు అంచులకు అరిగిపోయి, ఒకదాన్నొకటి పట్టుకోలేక జారుతయన్నట్టు. అప్పుడు ఒక చేత్తో కట్టెను ఒత్తి పట్టుకొని, ఇంకో చేత్తో స్టీరింగ్ తిప్పుకుంట దున్నాలె. మాపటికి భుజం పైకి లేవదు.

మా ఆయన దుబాయ్‌ల ఉంటడు. పోయేముందు ఈ బండిని పాతది కొన్నడు. కొన్నప్పటికే దానికి ముసలితనం వచ్చింది. ఆయన పోయినంక నడుపుడు నేనే నేర్చుకున్న, ఎవ్వరు నేర్పలే. నేర్వక ఏం జేస్త? మా పొలం అడుగున ఊబ. పెద్ద ట్రాక్టరు దిగితే ఇరుసు దాక కూరుకపోతది, దాన్ని గుంజనీకె ఇంకో పెద్ద ట్రాక్టరు రావాలె. ఈ చిన్నదయితే తేలికగ పోతది. అందుకే కిరాయి ట్రాక్టరోళ్ళు మా పొలం పేరు చెప్తెనే "ఇయ్యాల గాదు వదినె, రేపు" అంటరు. ఆ రేపు ఊరంత నాటేసి పచ్చగైనంక వస్తది.

అది యాసంగి. నారు పోసి పెట్టుకున్న, కాలువకు నీళ్ళు ఇడిచిన్రు. సరిగ్గ అప్పుడే గేరు అసలే నిలువకుంటైంది. సంగతి ఫోన్ల చెప్తే మా ఆయన ఒక్క ముక్కల తేల్చిండు. "నారు ముదిరేలోపట బండి కాకపోతే పొలం తమ్మునికి కౌలుకిద్దాం. నువ్వు ఇంట్ల నిమ్మళంగ ఉండు."

నిమ్మళంగనట! నా పొలంలకు నేను కూలికి పోవాలె. మా మరిది ఒడ్డు మీద గొడుగు పట్టుకొని నిలవడి, "వదినె, ఆ మూలకు జర దగ్గర దగ్గర పెట్టు" అనాలె. అది తలుచుకుంటెనే నాకు కడుపు మండింది. ఇగ నేను ఒకటే పట్టు పట్టిన. నారు ముదురకముందే బండి బాగు కావాలె, ఈ పొలం నా చేతులకెళ్ళి పోవద్దు.

మా మరిది సంగతి ఇక్కడ చెప్పాలె. మా పక్కింట్లనే ఉంటడు. ఆయన పొలానికి గూడ ఈ బండే. అడుగుడు ఉండది, తీస్కపోవుడే. నూనె చూసుడు, బురద కడుగుడు, అవన్ని ఆయనకు నామోషి. రెండో గేరు మొదటిసారి ఎగిరింది ఆయన చేతులనే. ఏం జెయ్యాలె అప్పుడు? బండి ఆపాలె, లోపల ఏమైందో చూపియ్యాలె. ఈయనేం జేసిండంటే సైకిల్ ట్యూబు కోసి, గేరు కట్టెను సీటు కింద రాడుకు గట్టిగ గుంజి కట్టిండు. మా దిక్కు ఇదొక పెద్ద విద్య. ఏ పాత ట్రాక్టరు చూసినా కట్టెకు ట్యూబు ముక్క ఏలాడుతుంటది. గేరు ఎగరది, నిజమే. గని లోపల ఆ కట్టె పట్టుకొని ఉండే ఫోర్కు, తిరిగే చక్రానికి పొద్దంత రాసుకుంట రాసుకుంట అరిగి బ్లేడు లెక్క అయితది. పుండుకు మందు పెట్టకుంట చొక్కా తొడిగినట్టు. నేను ఇప్పేసిన ప్రతిసారి ఆయన మల్ల కట్టిండు. "నీకు తెల్వదు వదినె" అనుకుంట కట్టిండు.

తెల్వదంట నాకు. చాయ్ హోటల్ పండితుని మాట విని నేను పోసిన కొత్త నూనెల గ్రీజు కలిపింది గూడ ఈ మహానుభావుడే.

బండిని ట్రాలీ ఆటోల ఎక్కించి కామారెడ్డికి పంపిన. ఎన్క నేను, మా మరిది బస్సెక్కినం. ఆయనను ఎందుకు తోల్కపోయినవు అంటే, మా ఆయన ఫోన్ల ఒట్టు పెట్టిండు, "మిస్త్రీలు ఆడోళ్ళను మోసం చేస్తరు, తమ్ముని తోల్కపో" అని. బస్సుల లింగంపేట దాటేదాక మా మరిది తనకు ఎరికైన మిస్త్రీ ఎంత తోపో చెప్పుకుంట వచ్చిండు. ఆ తోపు దుకాణం రైలు గేటు అవతల ఉన్నది. మనిషి నోట్ల గుట్కా, చేతిల ఫోను. బండిని చూడకముందే మా మరిదిని చూసి మురిసిండు.

"ఏమైంది పటేలా?"

"రెండో గేరు ఎగురుతున్నదే అన్నా" అన్నడు మా మరిది.

"నూనె ఎప్పుడు మార్చిన్రు?"

"మొన్ననే."

"బురద నీళ్ళు లోపటికి పోయినయా?"

"ఏ, ఎందుకు పోతయే? మేము మంచిగ చూసుకుంటం."

నేను ఆ ఇద్దరి నడుమల నిలవడ్డ. గోడకు కొట్టిన మేకును గూడ ఒకసారి చూస్తరు గని నన్ను చూడలే. ఇగ నాకు ఆగలే. "అన్నా, ఈయన చెప్పిందంత అబద్ధం. నూనె మార్చింది నేను, ఈయన అందుట్ల గ్రీజు కలిపిండు. సీలు పోయి బురద నీళ్ళు ఎప్పటి నుంచో పోతున్నయి. కింద బోల్టు ఇప్పు, నీకే తెలుస్తది" అన్న.

మిస్త్రీ మా మరిది దిక్కు చూసిండు, నేను మాట్లాడొచ్చా అన్నట్టు. మా మరిది పండ్లు ఇకిలిచ్చి, "మా వదిన జర గట్లనే" అన్నడు. బోల్టు ఇప్పితే నూనె పాలెక్కువైన చాయ్ లెక్క చిక్కగ కారింది. అండ్ల గ్రీజు ముద్దలు, మెరిసే ఇనుప పొడి. మిస్త్రీ వేలు ముంచి చూసి గుడ్డకు తుడుసుకున్నడు. మా మరిదికి అప్పుడే ఫోను వచ్చింది, బయటికి పోయిండు. ఆయనకు సరిగ్గ అట్లాంటప్పుడే ఫోన్లు వస్తయి.

గేరు డబ్బ విప్పినంక మిస్త్రీ రెండో గేరు చక్రం నా చేతిల పెట్టిండు. పండ్ల అంచులు ఒకవైపు గుండ్రంగ అరిగినయి. ఫోర్కు కాగితం లెక్క పలచగైంది. బేరింగులు చేతితోటి ఊపితే గలగలమన్నయి. "దీన్ల పానం లేదు. ఈ మోడలు సామాన్లు గూడ ఇప్పుడు దొరకయి. పాత ఇనుము కింద కబాడికి ఇయ్యండ్రి, నేనే తీసుకుంట" అన్నడు. మా మరిది తల ఊపిండు. ఊపడా మరి? కబాడికి పోతే పొలం ఆయనకే వస్తది. ఎద్దు పుండు కాకికి ముద్దు గదా.

"చక్రాలు, ఫోర్కు, బేరింగులు, సీళ్ళు. గివ్వే గదా కావాల్సింది. గిట్లాంటి బండే ఎక్కడన్న చెడిపోయి పడి ఉంటది, చెప్పు" అన్న.

నెత్తి గోక్కొని చెప్పిండు. బీబీపేటల ఒక ముసలామె వాకిట్ల ఇదే మోడలు పడి ఉన్నదట. ఇంజను పగిలింది గని గేర్‌బాక్సు కొత్తగనే ఉంటదట. నువ్వు వచ్చి విప్పాలె అంటే ముందుగల్ల ఒప్పుకోలే. నేను బండిని ఇంకో దుకాణంకు ఎక్కిస్త అన్నంక మోటర్‌సైకిల్ తీసిండు. నేను ఆటోల పోయిన. మా మరిదికి ఎండ పడదట, దుకాణంలనే కుర్చేసుకొని కూసున్నడు.

ఆ అవ్వ ఇంకో రకం. కోళ్ళు ఆ ట్రాక్టరు మీదనే పండుకుంటున్నయి, సీటంత రెట్ట. గేర్‌బాక్సు అమ్ముతవా అవ్వా అంటే నా ముఖం ఎగాదిగా చూసి, "మగోళ్ళెవ్వరు రాలేదా బిడ్డా? ఆడిదానితోటి నేను బేరం చెయ్య" అన్నది. నాకు నవ్వాలో ఏడ్వాలో తెల్వలే. "అవ్వా, మరి నువ్వెవరు? నువ్వు ఆడిదానివి గాదా?" అన్న. ఆ సంగతి ఆమెకు అప్పుడే యాదికొచ్చినట్టు కనవడ్డది. "అవునే" అన్నది. కోళ్ళను తోలి పక్కకు జరిగింది. బేరం కుదిరింది గని, పోయేటప్పుడు గూడ మిస్త్రీకే మంచినీళ్ళు ఇచ్చింది. నేను అడిగి తాగిన.

మల్ల రెండు రోజులు దుకాణంలనే. పొద్దుగాల బస్సుకు వచ్చుడు, మాపటి బస్సుకు పోవుడు. పోంగనే నారుమడి కాడికి ఉరుకుడు. నారు ఆకు కొనలు పసుపు తిరుగుతున్నయి. ఊర్ల ఎటు చూసినా నాట్లు. నా మడి ఒక్కటే నీళ్ళు నింపుకొని ఖాళీగ ఉన్నది. ఒడ్డు మీద పోయేటోళ్ళు ఆగి మరీ "ఇంక దున్నలేదా?" అని అడిగెటోళ్ళు. కండ్లు లేవా మీకు, దున్నినట్టు కనవడుతున్నదా అని అందును గని, కూలికి రేపు వాళ్ళ ఆడోళ్ళే రావాలె గదా. నోరు మూసుకున్న.

మూడో రోజు మిస్త్రీ బండిని బిగిచ్చిండు. కొత్త నూనె పోసిండు. అగో, అప్పుడు మొదలైంది అసలు తమాషా. మా మరిదికి తాళంచెవి ఇచ్చి "చూడు పటేలా" అన్నడు. ఈయన పెళ్ళికొడుకు లెక్క ఎక్కి కూసున్నడు. తారురోడ్డు మీద, ఖాళీ బండి, రెండో గేరుల అటు పోయి ఇటు వచ్చిండు. గేరు ఎగరలే. ఎందుకెగురుతది? ఎన్క నాగలి లేదు, కింద బురద లేదు. దీపం లేకుంట చీకట్ల ఇల్లు ఊడ్చినట్టున్నది వీళ్ళ పరీక్ష. "ఫస్ట్ క్లాస్!" అన్నడు మా మరిది. వెంటనే మిస్త్రీ ముందు చక్రం కాడ కొబ్బరికాయ కొట్టిండు. పసుపు పెట్టిండు. చుట్టుపక్క దుకాణాలోళ్ళకు కొబ్బరి ముక్కలు పంచిండు.

"ఇంక బరువు మీద చూడలే గదా" అన్న.

అందరి నోట్ల కొబ్బరి ఉన్నది.

పక్కనే ఇటుకలు నింపిన ట్రాలీ ఒకటి నిలవెట్టి ఉన్నది. దాన్ని తగిలియ్యమన్న. మిస్త్రీ గునుసుకుంట తగిలిచ్చిండు. నేను ఎక్కిన. రెండో గేరు ఏసి మెల్లగ క్లచ్ ఇడిచిన. బండి ఒక్క గుంజు గుంజింది. టక్. కట్టె నడుమకు వచ్చి పడ్డది. మల్ల ఏసిన, మల్ల టక్.

ఆ చప్పుడు తోటి నా పొలమే పోయినట్టనిపిచ్చింది. ఏడుపొచ్చింది గని వాళ్ళ ముందట ఏడుస్తనా?

"విప్పు" అన్న.

మిస్త్రీ ముఖం మాడింది. "కొబ్బరికాయ కొట్టినంక విప్పుడేంది అక్కా? అశుభం. పని అయిపోయినట్టు లెక్క."

"బరువు మీదనే గదా, జర చేత్తో పట్టుకో వదినె" అన్నడు మా మరిది.

నాకు నెత్తికెక్కింది. "కాయ పగిలితే పని అయిపోతదా? అట్లయితే పొద్దుగాలనే కొట్టకపోయినవా, మూడు రోజుల నుంచి నన్నెందుకు తిప్పినవు? కాయ నువ్వే కొట్టినవు, తింటున్నది గూడ నువ్వే. నా బండి మాత్రం కదలలే. అశుభమో శుభమో, దాని పాపం నాకే రానీయి. విప్పు. విప్పకపోతే ఈ ట్రాలీ అడ్డం పెట్టి ఇక్కడనే కూసుంట, నీ దుకాణంలకు ఇంకో బండి ఎట్ల వస్తదో చూస్త."

పక్క దుకాణాలోళ్ళు కొబ్బరి నములుడు ఆపిన్రు. ఒక పెద్దమనిషి, టైర్ల దుకాణమాయన, "ఆమె అన్నదాంట్ల తప్పేమున్నదే?" అన్నడు. అదే మాట అంతకుముందు ఎందుకు అనలేదో ఆయనకే తెల్వాలె. గని మగోని నోట్ల నుంచి వచ్చింది గనుక మిస్త్రీకి ఇనవడ్డది. బోల్టులు ఇప్పనీకె పాన తీసిండు.

విప్పితే ఏమున్నది లోపల? బీబీపేట నుంచి తెచ్చిన మంచి ఫోర్కు లేదు. నా పాత ఫోర్కే ఉన్నది, బ్లేడు లెక్క అరిగింది. మంచిది బల్ల కింద గుడ్డ ముక్కల చుట్టి పెట్టి ఉన్నది. "పాతదే నడుస్తదనుకున్న" అన్నడు మిస్త్రీ, నేల చూసుకుంట. ఇంకెవరికో అంటగడదామనుకున్నడో, బద్ధకమో, నేను అడగలే. అడిగితే ఇంకో అబద్ధం వినాలె. కోపం గూడ కొన్నిసార్లు దండగ.

మంచి ఫోర్కు ఏయించిన. కట్టెను జాగల పట్టి ఉంచే స్ప్రింగు గూడ కొత్తది ఏయించిన. నా కండ్ల ముందరనే ఏయించిన, స్టూలు దగ్గరికి జరుపుకొని కూసొని. మల్ల ఇటుకల ట్రాలీ తగిలిచ్చి గుంజిన. ఆ దుకాణం ముందటి ఎత్తు మీదికి బండి మూలుగుకుంట ఎక్కింది. కట్టె కదలలే. ఒక్కసారి గూడ కదలలే. రెండో కాయ కొడ్త అన్నడు మిస్త్రీ. వద్దన్న. నువ్వు ముట్టకు అన్న.

ఇంటికి నేనే నడుపుకుంట వచ్చిన. మా మరిది పక్కన మడ్గార్డు మీద కూసోనంటె కూసోనన్నడు. ఆడిది నడుపుతుంటే మగోడు పక్కన కూసుంటే నలుగురు నవ్వుతరట. బస్సుకు పోయిండు. ఎడ్లబండి కన్న జర జోరుగ పోతదంతే ఆ బండి. మాపటి ఎండ ముఖం మీద, దుమ్ము నోట్ల, నడుము చూర చూర. నిజంగనే నలుగురు నవ్విన్రు. ఒకడు మోటర్‌సైకిల్ మీద పక్కకు వచ్చి వీడియో తీసిండు. తీసుకో నాయనా, చూసుకొని బతుకు అనుకున్న. నాకు ఆ రోజు అంత సంబురం ఎన్నడు కాలే.

తెల్లారి మడిల దిగిన. ఇనుప చక్రాలు ఏసి, రెండో గేరుల, ఊబ మూలల గూడ ఆగకుంట దున్నిన. రెండు చేతులు స్టీరింగ్ మీదనే ఉన్నయి. ఆ మర్నాడు కూలోళ్ళు నాటుకు దిగిన్రు. నారు జర ముదిరింది గని చేతికి రాకుంట పోలే.

నేను ఒడ్డు మీద కాళ్ళు కడుక్కుంటుంటే మా ఆయన వీడియో కాల్ చేసిండు.

"తమ్ముడు చెప్పిండు. కామారెడ్డిల మంచిగ చేయిచ్చిండట గదా బండి."

చేయిచ్చిండట! కుర్చీ అరిగేదాక కూసున్నడు, అది నిజమే.

"ఇగ బండి వాని చేతిల పెట్టు. రెండు పొలాలు వాడే చూసుకుంటడు. నువ్వు రోడ్డు మీద నడుపుకుంట వచ్చినవట, వీడియో ఇక్కడ దాక వచ్చింది. రూముల అందరు నవ్విన్రు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెడిపోయినన్ని దినాలు అది నా బండి. నీ బండి ఆగింది, నీ బండి చప్పుడు చేస్తున్నది అన్నరు. బాగు కాంగనే ఇంటి బండి అయ్యిందా?

"ఇయ్య" అన్న.

"ఏంది?"

"బండి ఇయ్య, పొలం ఇయ్య. బండి కాకపోతే కౌలుకిద్దాం అన్నవు. అయింది గదా బండి? చూడు." ఫోను మడి దిక్కు తిప్పిన. కూలోళ్ళు వంగి నాటేస్తున్నరు. సగం మడి పచ్చగైంది. ఒడ్డు పక్కన బండి బురద కొట్టుకొని ఉన్నది. మెల్లగ అన్ని చూపిచ్చిన, ఊబ మూల గూడ చూపిచ్చిన.

ఫోను మల్ల నా దిక్కు తిప్పుకున్న. అరుస్తడనుకున్న. తమ్ముడు, పరువు, నలుగురు అంటడనుకున్న. దేనికేం అనాల్నో నోట్ల తయ్యారుగ పెట్టుకున్న. ఆయన అరవలే. ఎన్క ఒకదాని మీద ఒకటి ఇనుప మంచాలు, వాటికి ఆరేసిన బట్టలు. ఆ మంచాల మీదోళ్ళకు ఇనవడకుంట మెల్లగ అడిగిండు.

"దున్నుడు నువ్వే. బాగు చేయిచ్చుడు నువ్వే. నాటేయిచ్చుడు నువ్వే. నేనొస్తే ఆడ నాకేం పని ఉంటదే?"

ఈ మనిషి తమ్ముని మీద ప్రేమతోటి గాదు అడుగుతున్నది. తమ్మునికిస్తే వచ్చి మల్ల అడిగి తీసుకోవచ్చు. నా దగ్గర ఉంటే అడగనీకె ఏముంటది? భయమైతున్నది ఆయనకు. ఇన్ని దినాలు ఆ నోటి వెంట అన్ని మాటలు విన్న గని, ఈ మాట ఒక్కనాడు వినలే.

మడి నడుమకెళ్ళి కూలోళ్ళు అరుస్తున్నరు, కట్టలు అందిచ్చేటోళ్ళు లేక చేతులు ఖాళీగ ఉన్నయని.

"నారు మోయనీకె మనిషి దొరుకుతలేడు" అన్న. "రా."